"నానమ్మ ఊరి నుంచి ఎప్పుడొస్తది?" - కరోనా రెండో వేవ్‌లో నాలుగున్నరేళ్ల పాప: ఒక కేస్ స్టడీ

మేం ఫోన్‌లో కౌన్సెలింగ్ చేసిన ఈ కేసు 2021 జూన్ చివరి వారంలో మొదలై 2022 ఏప్రిల్ దాకా నడిచింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక పట్టణం. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాం. ఇలాంటివే మరికొన్ని ఇళ్లలో కనిపించిన సంగతులు కూడా ఇందులో కలిపాం. అంగన్‌వాడీ టీచర్లకు, పిల్లల డాక్టర్లకు, కౌన్సెలింగ్ చేసేవాళ్లకు పనికొచ్చేలా, ఏ మాట ఎప్పుడు చెప్పించామో, ఎక్కడ దెబ్బతిన్నామో వివరంగా రాస్తున్నాం.

ఇంట్లో జరిగింది

పాప వయసు నాలుగేళ్ల ఏడు నెలలు. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ, ఏడాది తమ్ముడు. రెండు పడగ్గదుల అద్దె పోర్షన్. నాన్నకు ఎరువుల దుకాణం. అంతకుముందు ఏడాదే బడిలో చేర్పించారు గానీ, పాప తరగతి గదిలో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. ఆమెకు తెలిసిన బడి ఫోన్‌లో కనిపించే టీచరమ్మే. రోజంతా నానమ్మ దగ్గరే. అన్నం తినిపించేది, నిద్రపుచ్చేది, జడవేసేది ఆమే.

మే 3న నాన్నకు పాజిటివ్ వచ్చింది. వెనక గదిలో హోం ఐసొలేషన్. మే 7న నానమ్మకు జ్వరం. 10న ఆక్సిజన్ 91కి పడింది, అంబులెన్సు వచ్చింది. రెండు రోజులకు రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. 17న ఆమె చనిపోయింది. నాన్న ఇంకా గదిలోనే ఉన్నాడు. బాబాయి పీపీఈ కిట్ వేసుకుని, ఇంకో ముగ్గురితో కలిసి ఆసుపత్రి నుంచే శ్మశానానికి వెళ్లాడు. శవం ఇంటికి రాలేదు. పదకొండో రోజు కర్మ ఇంట్లో నలుగురితో ముగిసింది. ఆ రోజు పాపను ఎదురింటి వాళ్లు ఉంచుకోలేమన్నారు. అమ్మ ఆమెను వంటింట్లో ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది.

పాప అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు. నానమ్మ ఊరికి వెళ్లిందని.

పాప చూసిందేమిటో ఒక్కసారి ఆమె వైపు నుంచి లెక్కపెట్టండి. తెల్ల ముసుగుల మనుషులు నానమ్మను బండిలో ఎక్కించారు. నాన్న ఉన్న గది తలుపు మూసే ఉంది. అమ్మ బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చింది. పక్కింటి పిల్లలు ఆడుకోవడానికి రాలేదు. ఇన్ని చూసిన పిల్లకు చేతికందిన వివరణ "ఊరికి వెళ్లింది" ఒక్కటే. అది దేనికీ అతకదు. పెద్దవాళ్లు ఖాళీగా వదిలిన చోట్లను ఈ వయసు పిల్లలు తమ సొంత కారణాలతో నింపుకుంటారు. ఈ కేసులో పని అంతా ఆ కారణాన్ని కనిపెట్టడం చుట్టూ, దాని స్థానంలో నిజాన్ని పెట్టడం చుట్టూ తిరిగింది.

ఏ ఇబ్బందితో వచ్చారు

మూడేళ్లకే పక్క తడపడం మానేసిన పాప వారానికి నాలుగైదు రాత్రులు తడుపుతోంది. అమ్మ కంటికి కనబడకపోతే కేకలు. తమ్ముణ్ణి గిచ్చుతుంది. నాన్న గదిలోంచి బయటికొచ్చి నెల దాటినా ఆయన పక్కన కూర్చుని తినదు. పూజగదిలోకి రమ్మంటే రాదు. చేతులు మాత్రం కడుగుతూనే ఉంటుంది.

మొదటి ఫోన్‌లోనే అమ్మకు ఒక పని అప్పజెప్పాం. మూడు రోజులపాటు చేతులు కడిగిన ప్రతిసారీ వంటింటి క్యాలెండర్ మీద ఒక గీత గీయమన్నాం. 28, 31, 26 వచ్చాయి. ఇలా ముందుగా లెక్క తీసుకోకపోతే, నెల తర్వాత తగ్గిందా లేదా అన్నది ఇంట్లోవాళ్ల మూడ్‌ని బట్టి మారిపోతుంది.

మనసు సంగతికి ముందు ఒళ్లు చూపించాం. పక్క తడుపుతోందంటే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం లేవని తేల్చుకోవాలి. మూత్ర పరీక్ష మామూలుగా ఉంది, మలబద్ధకం ఉంది. పళ్లు, నీళ్లు పెంచి, డాక్టరు ఇచ్చిన మందు వాడాక రెండు వారాలకు అది సర్దుకుంది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. శానిటైజర్ రాసుకుంటే మండేది. "మండుతోందంటే కరోనా చస్తున్నట్టే" అని ఎవరో చెప్పారట, అందుకని ఆ పిల్ల మండేదాకా రాసుకునేది. ఇంట్లో ఉన్నంతసేపూ శానిటైజర్ మాన్పించి, ఘాటులేని సబ్బు పెట్టించి, రాత్రి పడుకోబోయే ముందు కొబ్బరినూనె రాయించాం.

కారణం ఎలా దొరికింది

మొదటి కాల్ అమ్మానాన్నలతో, పాప వినని చోట, 50 నిమిషాలు. తర్వాత పాపతో రెండు వీడియో కాల్స్, ఒక్కొక్కటి 15 నుంచి 20 నిమిషాలు. ఈ వయసులో అంతకు మించి వీడియోలో కూర్చోబెట్టినా లాభం ఉండదు. ఫోన్‌ను నీళ్ల బిందెకు ఆనించి, నేల కనిపించేలా పెట్టమన్నాం. పిల్ల ముఖం కంటే ఆమె చేతులు ఏం చేస్తున్నాయో కనిపించడం ముఖ్యం. సామాను: రెండు బొమ్మలు, ఒక తువ్వాలు, ఖాళీ అట్టపెట్టె, గోధుమపిండి ముద్ద, నాలుగు క్రేయాన్లు. అమ్మ ప్రశ్నలు అడగకూడదు. చూస్తున్నది పైకి చెప్పాలి, అంతే: "బొమ్మను పెట్టెలో పెట్టినవు", "తువ్వాల కప్పినవు." ఎందుకు పెట్టావని అడిగితే పిల్లలు పెద్దలకు నచ్చే జవాబు వెతుకుతారు, ఆట అక్కడితో ఆగిపోతుంది.

మొదటి కాల్‌లో పిండితో చపాతీలు చేసింది, అంతకుమించి ఏమీ రాలేదు. రెండో కాల్‌లో పెట్టె అంబులెన్సు అయింది. పెద్ద బొమ్మను అందులో పడుకోబెట్టి మెడదాకా తువ్వాలు కప్పింది. చిన్న బొమ్మను పెట్టె దగ్గరికి తెచ్చి, వెంటనే దూరంగా విసిరేసింది. "నువ్వు రాకు. నువ్వే తెచ్చినవ్."

అప్పుడు అమ్మకు గుర్తొచ్చింది. మే 5న పాప గొళ్లెం తీసి నాన్న గదిలోకి వెళ్లి ఆయనకు బిస్కెట్లు ఇచ్చి వచ్చింది. నానమ్మ హడలిపోయి రెక్క పట్టుకుని బయటికి లాగి, "నీ వల్ల ఇంట్ల అందరికి వస్తది" అని అరిచింది. రెండు రోజులకు ఆమెకే జ్వరం వచ్చింది. నాలుగేళ్ల పిల్లకు ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగితే, మొదటిది రెండోదానికి కారణమే. తన తలంపుకీ, తన పనికీ లోకాన్ని నడిపే శక్తి ఉందని నమ్మే వయసు అది. చేతులు అన్నిసార్లు ఎందుకు కడుగుతోందో, నాన్న పక్కన ఎందుకు కూర్చోవడం లేదో అప్పుడు అర్థమైంది. కరోనా తనకు వస్తుందన్న భయం కాదది. తన చేతుల నుంచి ఇంకొకరికి పోతుందన్న భయం.

నిజం చెప్పించడం

ఎవరు చెప్పాలి? పాప రోజూ చూసే మనిషే చెప్పాలి, కౌన్సెలర్ కాదు. నాన్న చెప్తానన్నాడు. ఎప్పుడు? పొద్దున టిఫిన్ తిన్నాక. రాత్రి వద్దు, ఆకలి మీద వద్దు. ఎంతసేపు? ఐదు నిమిషాలు. అమ్మ పక్కనే ఉండాలి, తమ్ముడు నిద్రలో ఉండాలి, టీవీ కట్టేయాలి. నాన్న ముందు ఫోన్‌లో మాకు మూడుసార్లు పైకి చదివి వినిపించాడు. మనసులో అనుకున్న మాట నోటి దాకా వచ్చేసరికి "పోయింది", "లేదు" అని జారిపోతుంది. అందుకే పైకి అనిపించాలి.

వాళ్ల మాటలోనే రాసిచ్చింది ఇది:

"నానమ్మ ఊరికి పోయిందని చెప్పినం. అది నిజం కాదు. మాకు ఎట్ల చెప్పాలో తెల్వలే. నానమ్మకు పెద్ద జబ్బు చేసింది. ఊపిరి తీసుకునుడు కష్టమైంది. డాక్టర్లు మందులు ఇచ్చిండ్రు, మందులు పని చెయ్యలే. నానమ్మ చనిపోయింది. చనిపోవుడు అంటే ఒళ్లు పని చేసుడు ఆగిపోతది. ఊపిరి ఉండదు, ఆకలి కాదు, నొప్పి ఉండదు, చలి పెట్టదు. చనిపోయినోళ్లు మళ్ల రారు. నాకు మస్తు బాధగ ఉంది. నీకు ఏం అడగాలనిపించినా ఎన్నిసార్లయినా అడుగు."

ఒక్కో మాట వెనక ఒక్కో కారణం ఉంది. అబద్ధాన్ని ముందే ఒప్పుకోకపోతే కొత్త మాటను పిల్ల నమ్మదు. "చనిపోయింది" అన్న పదం వాడి తీరాలి. "నిద్రపోయింది" అంటే రాత్రి కళ్లు మూయడానికి భయపడతారు. "దేవుడు తీసుకెళ్లాడు" అంటే దేవుడంటేనే భయం పుడుతుంది. ఈ పాప పూజగదిలోకి రాకపోవడానికి కారణం అదే, ఎవరో పరామర్శకు ఫోన్ చేసి ఆ మాట అన్నారు. ఇంటి నమ్మకం చెప్పకూడదని కాదు. చనిపోయిందన్న మాట చెప్పాక, "దేవుడి దగ్గర ఉందని మేం నమ్ముతం" అని చేర్చవచ్చు. దానికి బదులుగా మాత్రం చెప్పకూడదు. "జ్వరం వచ్చి పోయింది" అన్నా ప్రమాదమే, తర్వాత తమ్ముడికి జలుబు చేసినా ఇల్లంతా వణుకుతుంది. అందుకే "పెద్ద జబ్బు" అనిపించి, "నాకు గూడ వచ్చింది, నాకు తగ్గింది. చానమందికి తగ్గుతది" అని నాన్నతోనే చెప్పించాం.

దహనం గురించి మొదటిరోజే చెప్పనక్కర్లేదు. అడిగితే దాచకూడదు. ఒంటికి ఇక నొప్పి తెలియదన్న మాట ముందు గట్టిపడాలి, ఆ తర్వాతే నిప్పు మాట. వరస తిరగబడితే పిల్ల నానమ్మ కాలి ఏడ్చినట్టు ఊహించుకుంటుంది.

జూలై 4 ఆదివారం నాన్న చెప్పాడు. సగంలోనే ఏడ్చేశాడు. అందులో తప్పేమీ లేదు. పాప ఆయన గడ్డం ముట్టుకుని చూసి, "టీవీ పెట్టు" అని లేచి వెళ్లింది. అమ్మకు మనసు చివుక్కుమంది. ఈ వయసులో దుఃఖం గుక్కలు గుక్కలుగా వస్తుంది. రెండు నిమిషాలు ఉంటుంది, ఆటలోకి వెళుతుంది, మళ్లీ వస్తుంది. అలా వెళ్లిపోయిందంటే ప్రేమ లేదని కాదని ముందే చెప్పి ఉండాల్సింది, మేం చెప్పలేదు.

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. మేనత్త ఫోన్ చేసి, చిన్నపిల్లకు అట్ల చెప్తరా అని అన్నను కోప్పడి, పాపతో "నానమ్మ చుక్కయింది, పైకి చూడు కనిపిస్తది" అంది. ఆమెది ప్రేమే, అనుమానం లేదు. వానాకాలం మబ్బులు. పాప మూడు రాత్రులు డాబా మీద నిలబడి చుక్క కనపడలేదని ఏడ్చింది. పక్క తడపడం మళ్లీ రోజూ అయింది. ఒక ఇంట్లో పిల్లతో మాట్లాడే పెద్దవాళ్లందరినీ, ఫోన్‌లో మాట్లాడేవాళ్లతో సహా, ముందే ఒక మాట మీదికి తేవాలి. మేం అమ్మానాన్నలకే పరిమితమయ్యాం. తర్వాతి ఆదివారం రాసిచ్చిన ఆ మాటలే మేనత్తకు, బాబాయికి, అమ్మమ్మకు వాయిస్ మెసేజ్‌గా పంపించి, నాన్నతో మళ్లీ మొదటి నుంచి చెప్పించాం.

రెండోసారి పాప ప్రశ్నలు అడిగింది. "వాన పడితే తడుస్తదా?" "కండ్లజోడు తీస్కపోయిందా?" అవే ప్రశ్నలు మూడు వారాలపాటు రోజుకు ఐదారుసార్లు. ప్రతిసారీ అవే మాటలతో జవాబు చెప్పమన్నాం. కొత్తగా చెప్పబోతే ఏదో మారిందేమో, తిరిగొస్తుందేమో అనుకుంటుంది. చనిపోయినవాళ్లు తిరిగి రారన్నది సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య గట్టిపడుతుంది. ఈ పాప ఆ గడపకు ఇంకా ఇవతలే ఉంది.

"నువ్వే తెచ్చినవ్" అన్నదానికి జవాబు

ఇక్కడ తొందరపడి "నీ వల్ల కాదమ్మా" అనేస్తే నిలవదు. పాప గదిలోకి వెళ్లిన మాట నిజమే కదా. నిజమైన జవాబు ఏమిటంటే, ఈ జబ్బు లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటగలదు. నాన్నకు పరీక్ష చేయకముందు ఇంట్లో అందరూ ఒకే గదిలో కూర్చుని తిన్నారు. కాబట్టి ఈ మాటలు:

"కరోనా కంటికి కనపడదు. నాకు జ్వరం రాకముందే, మనందరం కలిసి తిన్నప్పుడే వచ్చి ఉండచ్చు. ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ తెల్వది. నువ్వు బిస్కెట్ ఇచ్చినందుకు నానమ్మకు జబ్బు రాలే. నానమ్మ భయపడి అరిచింది. నీ మీద ప్రేమ తగ్గి కాదు."

ఈ వాక్యాలు పలకడం నాన్నకే ఎక్కువ కష్టమైంది. దుకాణం నుంచి తానే ఇంటికి మోసుకొచ్చానని రెండు నెలలుగా కుమిలిపోతున్నాడు. ఆయనతో విడిగా రెండు కాల్స్ మాట్లాడాం. తండ్రి తనను క్షమించుకోలేని ఇంట్లో పిల్లకు "ఎవరి తప్పూ కాదు" అని చెప్పిస్తే, ఆ పిల్ల మాటను వినదు, ముఖాన్ని చదువుతుంది.

చేతులు, చింతగింజలు

రోజూ ఎప్పుడెప్పుడు కడగాలో ఐదు సందర్భాలు ఖాయం చేశాం: లేచాక, మూడుపూటలా తినే ముందు, బయటి నుంచి వచ్చాక. బాత్రూం లెక్కలోకి రాదు, అది ఎప్పుడూ కడగాల్సిందే. సింకు పక్కన గిన్నెలో ఐదు చింతగింజలు. కడిగినప్పుడల్లా ఒక గింజ ఆ గిన్నెలోంచి ఈ గిన్నెలోకి. సబ్బు నురగతో ఇరవై వరకు లెక్కపెట్టి ఆపడం. గింజలు అయిపోయాక కడగాలనిపిస్తే అమ్మ పాప చేతులు పట్టుకుని అరచేతిలో పది వరకు లెక్కపెట్టాలి, ఆ తర్వాత కూడా కావాలంటే కడుక్కోనివ్వాలి.

నాలుగో రోజు అమ్మ విసిగి సబ్బును అటక మీద పెట్టేసింది. పాప ఎక్కడో దాచిన శానిటైజర్ బాటిల్ వెతికి తీసి మోచేతుల దాకా రాసుకుంది. అందనివ్వకుండా చేస్తే భయం ఇంకో దారి వెతుక్కుంటుంది. సబ్బు కిందికి దించారు. దాంతోపాటే ఇంకో మార్పు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ ఇంట్లో కరోనా లెక్కల వార్తలు మోగేవి. దాన్ని పాప పడుకున్నాక పదిహేను నిమిషాలకు కుదించారు. చేతులు కడగడం మూడు వారాలకు రోజుకు పదకొండుసార్లకు, ఎనిమిదో వారానికి ఏడుసార్లకు తగ్గింది.

పక్క తడపడానికి విడిగా పెద్ద వైద్యమేమీ చేయలేదు. పడుకునే ముందు బాత్రూం, పక్క కింద రబ్బరు షీట్, పొద్దున్నే మాట అనకుండా బట్టలు మార్చడం. "ఇంత పెద్దదానివి" అన్న మాట బంధువుల నోట కూడా రాకూడదని చెప్పాం. ఏడో వారానికి పది రోజులకొకసారికి వచ్చింది.

వీడ్కోలు

ఈ పాపకు నానమ్మను సాగనంపే అవకాశమే దొరకలేదు. ఆ కరువు ఆ ఏడాది పెద్దవాళ్లకూ ఉంది. రెండో మాసికం అయిన మర్నాడు, నానమ్మ చేసే సర్వపిండి ఇంట్లో చేశారు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి, గిన్నె లోపల నూనె రాసి పిండిని వేళ్లతో అద్దడం, మధ్యమధ్య వేలితో చిల్లులు పొడవడం. ఆ చిల్లులు పొడిచే పని ఎప్పుడూ పాపదే. మొదటి ముక్క నానమ్మ ఫోటో ముందు పెట్టి, తాను గీసిన బొమ్మ పక్కన పెట్టి, "టాటా నానమ్మా" అంది. అమ్మ పంపిన వీడియోలో నాన్న పక్కనే కూర్చుని తింటోంది.

ఆ వారమంతా బొమ్మను పడుకోబెట్టి తెల్ల గుడ్డ కప్పి "చనిపోయింది" ఆట ఆడింది. అమ్మమ్మ అపశకునమని గుడ్డ లాగేసింది. ఆ ఆట ఆడనివ్వాలి. కథ కొద్దికొద్దిగా మారుతుంటే, డాక్టరు వస్తుంటే, బొమ్మకు అన్నం పెడుతుంటే పని జరుగుతున్నట్టే. ఒకే దృశ్యం మార్పు లేకుండా వారాల తరబడి నడుస్తూ, ఆడాక పిల్ల ఇంకా బెదిరిపోతుంటే అప్పుడు కలగజేసుకోవాలి. తిండి మానేసి బరువు తగ్గడం, మాటలు తగ్గిపోవడం, "నేను కూడ నానమ్మ దగ్గరికి పోత" అని పదేపదే అనడం కనిపిస్తే ఇంటి చిట్కాలతో ఆగకుండా పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. చూసుకునే పెద్దవాళ్లే లేని పిల్లలైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

బడి

2021 సెప్టెంబరు 1న తెలంగాణలో బడులు తెరుచుకున్నాయి. పిల్లల్ని రమ్మని బలవంతపెట్టొద్దని హైకోర్టు చెప్పడంతో తొందరపడే పని లేకపోయింది. పది రోజులు తీసుకున్నాం. మొదట బడి గేటు దాకా నడిచి రావడం, రెండు రోజులు. తర్వాత ఇంట్లోనే టిఫిన్ డబ్బా మూత తనే తీసి తినడం. ఫోన్‌లో చూసిన టీచరమ్మను గేటు దగ్గర మాస్క్ తీసి ఒకసారి ముఖం చూపించమని అడిగించాం. ఆమె దూరంగా నిలబడి నవ్వింది, పాప గుర్తుపట్టింది. ఐదేళ్లు, అంతకంటే చిన్నపిల్లలకు మాస్క్ అవసరం లేదని జూన్‌లోనే కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ చెప్పింది. అయినా బడి అడిగింది కాబట్టి, బొమ్మకు ఒకటి, తనకు ఒకటి, పది నిమిషాల చొప్పున అలవాటు చేశారు. ఊపిరాడకపోతే తీసేయొచ్చని టీచరు నోటితోనే చెప్పించాం.

విడిపోయేటప్పుడు "ఇప్పుడే వస్త" అనొద్దని అమ్మకు చెప్పాం. "నువ్వు అన్నం తిన్నాక వస్త" అనాలి, ఆ వేళకు వచ్చి తీరాలి. ఊరెళ్లిందన్న మాట ఒకసారి నమ్మి మోసపోయిన పిల్ల ఇది. మొదటి వారం రోజుకు గంటన్నర. మూడో వారంలో తనంతట తానే లోపలికి వెళ్లింది.

తర్వాత

నవంబరులో తమ్ముడికి జ్వరం వచ్చింది. చేతులు కడగడం నాలుగు రోజులపాటు ఇరవై దాటింది, పక్క రెండుసార్లు తడిపింది. అమ్మ చింతగింజలు మళ్లీ బయటికి తీసింది. థర్మామీటర్ పాప చేతికిచ్చి, అంకె తగ్గుతున్నకొద్దీ చూపించింది. ఐదో రోజుకు సర్దుకుంది. కేసు మొదటికొచ్చిందని ఆ రోజు ఫోన్‌లో అమ్మ కంగారుపడింది. జబ్బు మాట ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ఇలా కొంత ఉంటుందని ముందే చెప్పి ఉంచడం మంచిది.

చివరి కాల్ 2022 ఏప్రిల్‌లో, సంవత్సరీకానికి ముందు. రెండు వారాల ముందే పాపకు చెప్పమన్నాం: ఇంటికి చుట్టాలు వస్తారు, కొందరు ఏడుస్తారు, నానమ్మ మాత్రం రాదు. "అందరు వస్తున్నరు కదా" అని ఎదురుచూసే ప్రమాదం ఉంది కాబట్టి ఆ చివరి మాట తప్పనిసరి. ఈసారి వంటింట్లో ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టకుండా, ఒక చిన్న పని ఇవ్వమన్నాం. ఫోటోకు పూలు పెట్టడం తనదేనని పాపే అడిగి తీసుకుంది. నానమ్మ కండ్లజోడు డబ్బా తన బట్టల అరలోనే పెట్టుకుంది, తీయించాలా అని అమ్మ అడిగింది. అక్కర్లేదన్నాం.